విద్యార్థి శీల వికాసం: సత్యనిష్ఠ పెరిగే పరిస్థితులు

ప్రస్తావన

1907లో స్థాపితమైన టాటా ఇనుము ఉక్కు సంస్థ 1912 ఫిబ్రవరిలో నేటి జంషెడ్‌పూర్‌లోని సాక్చీ వద్ద తొలి ఉక్కు దిమ్మెను పోతపోసింది. నాటి నుంచి సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే ఈ ప్రదేశంలో కర్మాగారమూ పాఠశాలలూ ఒకదాని వెంట ఒకటి పెరుగుతూ వచ్చాయి. ఎనిమిది గంటల పనిదినం 1912లోనే అమలులోకి రాగా, కార్మికుల పిల్లలకు చదువు చెప్పించే ఏర్పాటు 1917లో, యువకులకు వృత్తివిద్య నేర్పే సాంకేతిక విద్యాలయం 1921లో వచ్చాయి. లోహశాస్త్ర పరిశోధనకు అంకితమైన జాతీయ ప్రయోగశాల 1950లో ఈ పట్టణంలోనే ప్రారంభమైంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పనికోసం వచ్చి బిష్టుపూర్, కదమా, గోల్‌మురి వంటి పేటలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ చరిత్రలో ఆది నుంచీ భాగస్వాములే. చదువు వల్ల ఒక్క తరంలో ఇంటి పరిస్థితి మారిపోవడం ఆ కుటుంబాలు కళ్లారా చూశాయి. అందుచేత వాటికి బడి మీద ఉన్న నమ్మకం మామూలుది కాదు.

ఆ నమ్మకంతో బడికి వచ్చే తల్లిదండ్రులు ఉపాధ్యాయుణ్ణి కోరేవి రెండు. పిల్లవాడు చదువులో పైకి రావాలన్నది మొదటిది. "నాలుగు మార్కులు తగ్గినా ఫరవాలేదు మాస్టారూ, బుద్ధిమంతుడు కావాలి" అన్నది రెండవది. మొదటి కోరికకు కాలపట్టిక, పాఠ్యప్రణాళిక, పరీక్షలు ఉన్నాయి. రెండవదాన్ని మాత్రం మనం ఉదయపు ప్రార్థనకూ, వారానికి ఒక నీతిబోధ గంటకూ అప్పగించి ఊరకుంటున్నాము. శీలం ఎలా ఏర్పడుతుందన్న విషయంపై గత నూరేళ్లలో మనస్తత్వ శాస్త్రం చేసిన పరిశీలనలు చిన్నవి కావు. వాటిని క్రమంగా పరిశీలించి, అవి తరగతి గదిలో ఏ మార్పును కోరుతున్నాయో నిర్ణయించడమే ఈ వ్యాసపు ఉద్దేశం.

నిర్వచనాలు, వర్గీకరణ

ముందుగా మూడు భావనలను వేరుచేసుకోవాలి. ఎత్తు, బరువు, అవయవ పరిమాణం వంటి కొలవదగిన పరిమాణాత్మక మార్పును పెరుగుదల అంటారు. అనువంశికంగా నిర్దేశితమైన క్రమంలో, ప్రత్యేక శిక్షణతో పనిలేకుండా, కాలం గడిచే కొద్దీ దేహంలోనూ నాడీమండలంలోనూ కలిగే సంసిద్ధత పరిపక్వత. ఈ రెండింటికీ అనుభవం, అభ్యసనం తోడై వ్యక్తి శక్తులలో కలిగే గుణాత్మకమైన, క్రమబద్ధమైన మార్పును వికాసం అంటారు. పెరుగుదల యౌవనంతో దాదాపు ఆగిపోతుంది. వికాసం జీవితాంతం సాగుతుంది.

అదే విధంగా స్వభావం, అలవాటు, శీలం అన్నవి తరచు ఒకదానికొకటి పర్యాయాలుగా వాడబడుతున్నా, శాస్త్రదృష్టిలో వేర్వేరు. శైశవం నుంచే కనిపించే ఉద్వేగ ధోరణి స్వభావం: ఒక శిశువు త్వరగా బెదురుతాడు, మరొకడు సులభంగా ఊరుకుంటాడు. ఒకే పరిస్థితిలో పదేపదే చేయడం వల్ల ఆలోచన అవసరం లేకుండానే జరిగిపోయే క్రియ అలవాటు. బయటి పర్యవేక్షణ లేనప్పుడు కూడా, తనకు కొంత నష్టం కలుగుతుందని తెలిసినప్పటికీ, తాను సరియైనదిగా గుర్తించిన ప్రవర్తనను ఎంచుకొనే స్థిరమైన సంసిద్ధత శీలం. ఇవన్నీ కలిసి వ్యక్తికి ప్రత్యేకతను ఇచ్చే సమగ్ర వ్యవస్థ మూర్తిమత్వం. స్వభావానికి విద్యార్థి బాధ్యుడు కాడు కాబట్టి, బిడియస్తుణ్ణి శీలంలో లోపమున్నవాడిగానూ, చొరవ గలవాణ్ణి శీలవంతుడిగానూ లెక్కించడం శాస్త్రీయం కాదు.

శీలంలో మూడు అంశాలు ఇమిడి ఉన్నాయి. మంచిచెడ్డలను గుర్తించడం జ్ఞానాంశం. గుర్తించిన మంచిని కోరుకోవడం భావాంశం. కోరుకున్నదాన్ని చేయగలగడం క్రియాంశం. శీలగుణాలను విద్యావేత్తలు కొందరు నాలుగు తరగతులుగా విభజించారు. సత్యం, దయ, న్యాయబుద్ధి నైతిక గుణాలు. పొరుగువారిపట్ల, సమాజంపట్ల బాధ్యత పౌర గుణం. పట్టుదల, క్రమశిక్షణ, ఓర్పు కార్యనిర్వహణ గుణాలు. జిజ్ఞాస, నిష్పాక్షికత, ఆధారాన్ని గౌరవించడం బౌద్ధిక గుణాలు. కార్యనిర్వహణ గుణాలకు స్వయంగా దిశ లేదు. మోసగాడికీ పట్టుదల ఉండవచ్చు. కనుక నైతిక, బౌద్ధిక గుణాలు దిశను చూపకపోతే పట్టుదల ఒక్కటే శీలమనిపించుకోదు.

ఈ వ్యాసంలో సత్యనిష్ఠ అనే ఒక్క గుణాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకొంటున్నాను. ఇది నైతిక, బౌద్ధిక తరగతులు రెండింటికీ చెందినది. విజ్ఞాన శాస్త్రానికి పునాది. పైగా పరిశోధకులు విస్తృతంగా ప్రయోగాలకు లోబరచిన శీలగుణం.

మార్చి 3న సంస్థాపకుని జయంతి వేడుకలు జరుపుకొనే ఈ పట్టణంలో విద్యార్థిని ఉక్కుతో పోల్చడం ఉపన్యాసకులకు పరిపాటి. కర్బనం మధ్యస్థంగా ఉన్న ఉక్కును సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దాటే వరకు కాచి ఒక్కసారిగా చల్లారిస్తే అది గట్టిపడుతుంది గాని పెళుసవుతుంది. తిరిగి అంతకంటె తక్కువ వేడిమిలో కాచినప్పుడే దానికి దెబ్బకు తట్టుకొనే గుణం వస్తుంది. కాఠిన్యం వేరు, దృఢత్వం వేరు అని నేర్పే మేరకు ఈ పోలిక ఉపయోగకరమే. కాని ఏ కొలిమిలో ఎంత సేపు ఉండాలో ఉక్కు తానుగా ఎంచుకోదు, ఎందుకు ఉండాలో అడగదు. ఎంపిక, కారణజ్ఞానం ఈ రెండూ లేనిచోట శీలమన్న మాటకు అర్థం లేదు. పోలిక ఆగిపోయిన ఆ చోటనే విద్యాశాస్త్రం మొదలవుతుంది.

మొదటి సూత్రం: సందర్భ నిర్దిష్టత

1920ల మధ్యలో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాల ఆధ్వర్యంలో హ్యూ హార్ట్‌షార్న్, మార్క్ మే అనే పరిశోధకులు దాదాపు పదివేల మంది పిల్లలపై విస్తృతమైన అధ్యయనం చేసి, 1928 నుంచి 1930 వరకు మూడు సంపుటాలుగా ప్రకటించారు. పిల్లలకు మోసం చేసే అవకాశం సహజంగా దొరికే పరిస్థితులను వారు కల్పించారు. ఒకచోట సొంత జవాబులను తామే దిద్దుకోమన్నారు. మరొకచోట కళ్లు మూసుకొని వలయాలలో చుక్కలు పెట్టమన్నారు. ఇంకొకచోట ఆటలో, ఇంటిపనిలో, డబ్బు విషయంలో పరీక్షించారు. పిల్లలు నిజాయితీపరులు, మోసగాళ్లు అని రెండు జట్లుగా విడిపోతారన్న సామాన్య విశ్వాసాన్ని ఫలితాలు సమర్థించలేదు. లెక్కల పరీక్షలో నిజాయితీగా ఉన్న పిల్లవాడు ఆటలో మోసం చేయవచ్చు. ఆటలో నిక్కచ్చిగా ఉన్నవాడు ఇంటిపనిలో కాపీ కొట్టవచ్చు. ఒక పరిస్థితిలోని ప్రవర్తనను బట్టి మరో పరిస్థితిలోని ప్రవర్తనను ఊహించడం కష్టమని తేలింది. నీతిబోధ తరగతులకు హాజరైన పిల్లలు తక్కినవారికంటె చెప్పుకోదగినంత నిజాయితీగా ఏమీ లేరు.

ఈ దత్తాంశాలను 1963లో రోజర్ బర్టన్ తిరిగి విశ్లేషించి, సందర్భాలన్నిటికీ వర్తించే ఒక సామాన్య నిజాయితీ ధోరణి స్వల్పంగానైనా ఉందని చూపారు. కాబట్టి శీలం పూర్తిగా సందర్భాల చేతిలోని బొమ్మ అనడమూ సరికాదు. ఈ రెండింటినీ సమన్వయపరిస్తే ఉపాధ్యాయునికి ఉపకరించే సూత్రం లభిస్తుంది: సత్యనిష్ఠ మొదట ఒక్కొక్క సందర్భానికి పరిమితమైన ఆచరణగా నేర్వబడి, అనేక సందర్భాలలో అభ్యాసమైన తరువాతనే సామాన్య గుణంగా స్థిరపడుతుంది. నీతి గంటలో నేర్చిన సత్యం ప్రయోగశాలకు దానంతట అది నడచి రాదు. ప్రయోగశాలలో దాన్ని ప్రత్యేకంగా నేర్పవలసిందే.

రెండవ సూత్రం: నైతిక వివేచనలో దశాక్రమం

స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజె 1932లో ప్రకటించిన గ్రంథంలో, పిల్లలకు జంట కథలు చెప్పి వారి తీర్పులను అడిగారు. భోజనానికి పిలిస్తే వస్తూ తలుపు తోసినప్పుడు, వెనుక ఉన్న సంగతి తెలియక ఒక బాలుడు పదిహేను కప్పులు పగలగొట్టాడు. అమ్మ లేని సమయంలో జామ్ దొంగిలించబోయి మరొకడు ఒక్క కప్పు పగలగొట్టాడు. ఎవరి తప్పు పెద్దది? చిన్న పిల్లలు పగిలిన కప్పులను లెక్కపెట్టి మొదటివాడిదే పెద్ద తప్పు అన్నారు. పెద్ద పిల్లలు ఉద్దేశాన్ని బట్టి రెండవవాణ్ణి తప్పుపట్టారు. పెద్దల ఆజ్ఞే ధర్మమని భావించే దశను పరాయత్త నైతికత అనీ, పరస్పర గౌరవంతో నియమాలను తామే గ్రహించి పాటించే దశను స్వాయత్త నైతికత అనీ పిలవవచ్చు. ఒక దశ నుంచి మరొక దశకు పిల్లలను తీసుకుపోయేది ప్రధానంగా పెద్దల ఉపదేశం కాదనీ, తోటివారితో సమాన హోదాలో జరిగే ఆటలు, ఒప్పందాలు, తగవులు, రాజీలేననీ పియాజె అభిప్రాయం.

లారెన్స్ కోల్‌బర్గ్ ఈ పరిశీలనను విస్తరించి పూర్వ సాంప్రదాయ, సాంప్రదాయ, ఉత్తర సాంప్రదాయ స్థాయిలుగా, ఒక్కొక్క స్థాయికి రెండేసి దశలుగా వర్గీకరించారు. శిక్షకు భయపడి నియమాన్ని పాటించడం మొదటి మెట్టు. సమాజ మర్యాద కోసం పాటించడం మధ్య మెట్టు. న్యాయసూత్రం కోసం పాటించడం పై మెట్టు. ఈ వర్గీకరణ న్యాయాన్నే కొలబద్దగా తీసుకొని, ఆత్మీయతను, సంరక్షణ బాధ్యతను తక్కువ చేసిందని 1982లో కారోల్ గిల్లిగన్ విమర్శించారు. వివేచన పై మెట్టున ఉన్నంత మాత్రాన ప్రవర్తన కూడా అక్కడే ఉంటుందన్న హామీ లేదు. ఇక్కడ గ్రహించవలసింది ఒకటి: ఆరవ తరగతి విద్యార్థికి చెప్పే కారణం, పదవ తరగతి విద్యార్థికి చెప్పే కారణం ఒకటే కానక్కరలేదు; కాని ప్రతి నియమానికీ ఆ వయసుకు అందే కారణం ఒకటి చెప్పి తీరాలి. కారణం చెప్పని నియమం విద్యార్థిని పరాయత్త దశలోనే నిలిపివేస్తుంది.

మూడవ సూత్రం: భయం సత్యానికి ప్రతికూలం

బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం, 2009, 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఈ నిషేధం కేవలం కరుణ వల్ల పుట్టిందనుకొనేవారు, దండన లేకపోతే శీలం చెడుతుందని ఇప్పటికీ వాదిస్తుంటారు. శాస్త్రం ఈ వాదానికి వ్యతిరేకంగా ఉంది. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అనే పరిశోధకులు పశ్చిమాఫ్రికాలోని రెండు బడులలో మూడు, నాలుగేళ్ల పిల్లలపై చేసిన అధ్యయనాన్ని 2011లో ప్రకటించారు. ఒక బడిలో చిన్న తప్పుకు కూడా దెబ్బలు పడతాయి. మరొక బడిలో మందలింపు, పెద్దవారి వద్దకు పంపడం వరకే ఉంటుంది. ఒక ఆటవస్తువును తొంగిచూడవద్దని చెప్పి పిల్లలను ఒంటరిగా వదిలినప్పుడు రెండు బడుల పిల్లలూ తొంగిచూశారు. ఆ తరువాత అడిగినప్పుడు దండన ఉన్న బడి పిల్లలే ఎక్కువగా అబద్ధమాడారు. అంతేకాక, తరువాతి ప్రశ్నలకు దొరికిపోకుండా ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోవడంలోనూ వారే నేర్పరులయ్యారు.

ఇదే సూత్రాన్ని పారిశ్రామిక భద్రతాశాస్త్రం కూడా గుర్తించింది. ప్రమాదం జరగబోయి తప్పిపోయిన సంఘటనను 'నియర్ మిస్' అంటారు. దాన్ని వెంటనే తెలియజేస్తే రేపటి ప్రమాదం తప్పుతుంది. చెప్పినవాడికే శిక్ష పడేటట్లయితే ఎవరూ చెప్పరు. అమెరికాలో 1976 నుంచి నాసా నిర్వహిస్తున్న విమానయాన భద్రతా నివేదిక వ్యవస్థ, నివేదించినవారి పేరు గోప్యంగా ఉంచి, ఉద్దేశపూర్వకం కాని పొరపాట్ల విషయంలో వారికి కొంత రక్షణ కల్పించడంపైనే ఆధారపడి పనిచేస్తున్నది. కర్మాగారాల నడుమ జీవించే ఈ పట్టణంలో పొరపాటును దాచడం పొరపాటుకంటె ప్రమాదకరమన్న సంగతి తల్లిదండ్రులలో చాలామందికి వృత్తిరీత్యా తెలుసు. అది ఇంటికీ బడికీ కూడా వర్తిస్తుందని చెప్పడం మాత్రం మిగిలి ఉంది.

దండన వద్దంటే పర్యవసానం వద్దని కాదు. తప్పుకు దానితో సంబంధమున్న సహజ పర్యవసానం ఉండాలి: పగలగొట్టిన పరికరాన్ని సరిచేయడంలో సహకరించడం, కాపీ చేసిన పనిని తిరిగి సొంతంగా చేయడం వంటివి. అయితే ఒప్పుకొన్నవాడికీ దాచినవాడికీ పర్యవసానం ఒకటే కాకూడదు.

నాలుగవ సూత్రం: ప్రశంసకు, బహుమతికి ఉన్న ప్రభావం

ఒక పనిని దానిలోని ఆనందం కోసం చేయడం అంతర్గత ప్రేరణ. బహుమతి కోసమో శిక్ష తప్పించుకోవడానికో చేయడం బాహ్య ప్రేరణ. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ స్టాన్‌ఫర్డ్‌లోని ఒక శిశు విద్యాలయంలో బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పిల్లలను ఎంచుకొన్నారు. బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను గల పత్రం ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర ఇచ్చారు. కొందరికి అసలు ఇవ్వలేదు. కొద్ది రోజుల తరువాత స్వేచ్ఛగా ఆడుకొనే వేళ గమనిస్తే, ముందే బహుమతి ఆశ చూపిన పిల్లలు బొమ్మలు వేయడానికి కేటాయించిన సమయం తక్కినవారిలో సుమారు సగమే ఉంది. ఇష్టంగా చేసే పనికి కూలి కట్టడం వల్ల ఇష్టం తరిగింది.

1998లో క్లాడియా ముల్లర్, కారోల్ డ్వెక్ ప్రకటించిన ప్రయోగాలు ప్రశంస విషయంలో ఇంతకంటె సూక్ష్మమైన భేదాన్ని చూపాయి. తేలిక సమస్యలను పూర్తిచేసిన ఐదవ తరగతి పిల్లలలో కొందరిని "నీవు తెలివైనవాడివి" అనీ, కొందరిని "నీవు బాగా కష్టపడ్డావు" అనీ మెచ్చుకొన్నారు. తరువాత అందరికీ కష్టమైన సమస్యలు ఇచ్చారు, అందరూ తడబడ్డారు. తెలివిని మెచ్చుకోబడినవారు త్వరగా నిరుత్సాహపడ్డారు. తమ మార్కులను మరో బడిలోని అపరిచిత విద్యార్థికి పేరు లేకుండా రాసి తెలపమన్నప్పుడు, ఆ జట్టులో దాదాపు 38 శాతం మంది మార్కులు పెంచి రాశారు. శ్రమను మెచ్చుకోబడిన జట్టులో ఇది 13 శాతం మాత్రమే. తెలివైనవాడన్న బిరుదు పొందినవాడికి ఆ బిరుదును కాపాడుకోవడం ఒక భారమైంది. ఆ భారం అబద్ధానికి దారితీసింది.

ఈ పరిశోధనలను అతిగా అన్వయించకూడదు. తెలివి స్థిరమైనది కాదు, పెంచుకోదగినదన్న భావాన్ని చిన్న పాఠంగా బోధించి, సుమారు 12,000 మంది తొమ్మిదవ తరగతి విద్యార్థులపై అమెరికాలో చేసిన విస్తృత ప్రయోగపు ఫలితాలు 2019లో వెలువడ్డాయి. చదువులో వెనుకబడిన విద్యార్థుల గ్రేడు సగటులో పెరుగుదల నాలుగు పాయింట్ల శ్రేణిలో 0.1 మాత్రమే. అది ఉపయోగకరమే గాని అద్భుతం కాదు. గోడమీద అతికించిన ప్రోత్సాహ వాక్యాలవల్ల శీలం మారదన్న హెచ్చరిక కూడా ఇందులో ఉంది.

ప్రశంస నిర్దిష్టంగా, పని విధానాన్ని గురించి ఉండాలి. 1996లో ఈ పట్టణంలో ఏర్పడిన టాటా ఆర్చరీ అకాడమీ వంటి చోట విలువిద్య నేర్చే బాలలకు ఒలింపిక్ పోటీ దూరమైన 70 మీటర్ల నుంచి లక్ష్యపు పదవ వలయం, అంటే 12.2 సెంటీమీటర్ల వ్యాసం గల వృత్తం, గురి కావాలి. అంత దూరంలో ఒక్క బాణం తగలడం అదృష్టం కూడా కావచ్చు. అందుచేత శిక్షకుడు నిలబడిన తీరు, నారి వదలిన తీరు ఎత్తి చెప్పినప్పుడే విద్యార్థికి తరువాతి బాణంలో ఏమి చేయాలో తెలుస్తుంది. "భేష్" అన్న ఒక్క మాటలో ఆ సమాచారం లేదు.

ఐదవ సూత్రం: ఆదర్శం, విశ్వసనీయత

పెద్దలు చేసేదాన్ని చూసి పిల్లలు నేర్చుకుంటారన్న లోకజ్ఞానాన్ని ఆల్బర్ట్ బండూరా 1961లో ప్రయోగపూర్వకంగా నిరూపించారు. తెలుగుదేశంలో దీనికి నిదర్శనం కావాలంటే, కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాల ప్రధానాచార్యులుగా తన నడవడితోనే ఒక తరం విద్యార్థులను తీర్చిన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారిని స్మరించవచ్చు. నల్లబల్లపై చేసిన తప్పును అందరి ఎదుట దిద్దుకొని, ఎక్కడ పొరపాటు పడిందో వివరించే ఉపాధ్యాయుడు ఒక్క నిమిషంలో ఇచ్చే పాఠం నీతి గంటలో ఇవ్వగలిగింది కాదు.

ఓర్పు వంటి గుణాలు కూడా పెద్దల విశ్వసనీయతపై ఆధారపడతాయి. 2013లో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు ప్రకటించిన చిన్న ప్రయోగంలో, ముందు మంచి రంగులు తెచ్చి ఇస్తామని చెప్పి మాట నిలుపుకొన్న పెద్దల ఎదుట పిల్లలు, ఆగితే మరొకటి ఇస్తామన్న మిఠాయిని తినకుండా సగటున సుమారు 12 నిమిషాలు ఆగారు; మాట తప్పిన పెద్దల ఎదుట సుమారు 3 నిమిషాలే ఆగారు. ఆశపడిన రెండవ మిఠాయి వస్తుందో రాదో తెలియనప్పుడు చేతిలోనిది తినేయడం బలహీనత కాదు, వివేకం. దిద్దిన పుస్తకాలు సోమవారం ఇస్తానన్న ఉపాధ్యాయుడు సోమవారమే ఇవ్వడం ఈ దృష్ట్యా శీలబోధనలో భాగం.

అన్వయం: ప్రయోగశాలలో

పై సూత్రాలు ఒకేచోట ఎలా పనిచేస్తాయో చూపడానికి భౌతికశాస్త్ర విద్యార్థులందరికీ తెలిసిన సరళ లోలక ప్రయోగాన్ని తీసుకొందాం. వంద సెంటీమీటర్ల పొడవున దారానికి గుండును వేలాడదీసి, ఇరవై దోలనాలకు పట్టే కాలాన్ని స్టాప్‌వాచ్‌తో మూడుసార్లు కొలిచి, గురుత్వ త్వరణాన్ని గణించాలి. జంషెడ్‌పూర్ అక్షాంశానికీ ఎత్తుకూ అసలు విలువ సెకను వర్గానికి సుమారు 9.79 మీటర్లు, పాఠ్యపుస్తకంలో 9.8 అని ఉంటుంది.

ఒక రికార్డు పుస్తకంలో మూడు పఠనాలూ 40.14 సెకన్లు, ఫలితం సరిగ్గా 9.80. మరొకదానిలో 38.1, 38.2, 38.0, ఫలితం 10.88. మొదటిదానికి పూర్తి మార్కులు, రెండవదానికి ఎర్ర సిరాతో కొట్టివేత లభించడం మన బడులలో సామాన్యం. దగ్గరగా చూస్తే సంగతి తలకిందులవుతుంది. ఆ స్టాప్‌వాచ్ కనీసపు కొలత 0.1 సెకను, అందులో 40.14 అన్న అంకె కనిపించే వీలే లేదు. సూత్రంలో 9.8ని ప్రతిక్షేపించి వెనక్కి లెక్కకట్టి రాసిన అంకె అది. రెండవ విద్యార్థిని పఠనాలు పరస్పరం కొద్దిగా భేదించడమే అవి నిజంగా కొలిచినవనడానికి గుర్తు. ఆమె స్టాప్‌వాచ్ నొక్కిన క్షణాన "సున్నా" అనవలసింది "ఒకటి" అన్నది. అందుచేత పందొమ్మిది దోలనాలే ఇరవైగా లెక్కకు వచ్చాయి. ఆమె చేతిలోని నిజమైన అంకెలే ఆ పొరపాటును బయటపెట్టాయి; లెక్కింపు మార్చి మళ్లీ కొలిస్తే కాలం నలభై సెకన్లకు చేరింది. కల్పిత అంకెలలో దిద్దుకోవడానికి పొరపాటే కనబడదు.

ఇలాంటి స్థితిలో మొదటి విద్యార్థిని అబద్ధాలకోరని నిందించడం సందర్భ నిర్దిష్టతా సూత్రానికి విరుద్ధం. ఫలితం దగ్గరతనానికే మార్కులిచ్చే పద్ధతి అతనికి ఆ దారి చూపింది. కనుక పది మార్కులలో ఆరు మార్కులు పఠనాలను కనీసపు కొలతకు అనుగుణంగా, కొట్టివేతలతో సహా, అక్కడికక్కడ సిరాతో నమోదు చేసినందుకు, మూడు మార్కులు దోషానికి కారణాలను వివరించినందుకు, ఒక్క మార్కు ఫలితానికి కేటాయించడం మేలు. అప్పుడు నిజం రాయడం విద్యార్థికి నష్టం కాదు. ఈ ఏర్పాటు అలవాటయ్యాక, ప్రజలు ఎందుకు శాస్త్రజ్ఞుల అంకెలను నమ్ముతారు, ఎప్పుడు నమ్మకూడదు అన్న చర్చ పై తరగతులవారితో చేయవచ్చు. ఆచరణ ముందు, వివేచన దాని వెంట.

అన్వయం: తరగతి భాషలో

జంషెడ్‌పూర్ తరగతిలో తెలుగు, బెంగాలీ, ఒడియా, పంజాబీ, సంతాలీ, హో, హిందీ ఇంటిభాషలుగా గల పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. పాఠం తరచు ఇంగ్లీషులో సాగుతుంది. "అర్థమైందా?" అన్న ప్రశ్నకు అందరూ ఒక్క గొంతుతో "యస్ సర్" అనడం ఈ తరగతిలో జరిగే అత్యంత సాధారణమైన అసత్యం. అర్థం కాలేదని చెప్పడానికి కావలసిన భాష పిల్లవాడి వద్ద లేనప్పుడు, అర్థమైనట్టు నటించడమే అతడు మొదట నేర్చుకొంటాడు.

ఈ సంగతిని తెలుగు ఉపాధ్యాయుడొకరు శతాబ్దానికి ముందే గ్రహించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వెంకట రామమూర్తి పరిసర కొండలలోని సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని, తానే సవర భాష నేర్చి, వాచకాలు రాసి, బడులు నడిపారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. ఇక్కడి ఉపాధ్యాయుడు ఆరు భాషలు నేర్వలేకపోవచ్చు. అయినా "అర్థమైందా?" అన్న ప్రశ్నను మాని, "ఎక్కడి వరకు అర్థమైంది, ఎక్కడ తెగింది, మీ మాటల్లో పక్కవాడికి చెప్పండి" అని అడగగలడు. తెలియనిది తెలియదని చెప్పడం బౌద్ధిక సత్యనిష్ఠకు తొలి మెట్టు. ఆ మెట్టును పిల్లవాడు తన సొంత మాటలలోనే ఎక్కగలడు.

అన్వయం: క్రమంగా తొలగే ఊతం, ఇంటి సహకారం

రష్యన్ శాస్త్రవేత్త లెవ్ వైగాట్‌స్కీ, పిల్లవాడు ఒంటరిగా చేయగలిగినదానికీ, తెలిసినవారి సహాయంతో చేయగలిగినదానికీ మధ్య ఉన్న అంతరాన్ని సామీప్య వికాస మండలం అన్నారు. శీలానికి కూడా ఇలాంటి మండలం ఉందని భావించవచ్చు. ఆరవ తరగతిలో ఉపాధ్యాయుని ఎదుట సొంత పలక దిద్దుకోవడం, ఎనిమిదిలో జతగాడితో మార్చుకొని దిద్దుకోవడం, పదిలో జవాబుల పట్టికను ఇంటికి తీసుకుపోయి తానే దిద్దుకొని నిజమైన మార్కులు చెప్పడం అనే క్రమంలో పర్యవేక్షణ తగ్గుతూ పోవాలి. పన్నెండేళ్లు అడుగడుగునా కాపలా కాసి, చివరి రోజున విద్యార్థిని ఒంటరిగా లోకంలోకి పంపడం శీలశిక్షణ కాదు.

ఇంటి విషయానికి వస్తే, ఈ పట్టణపు కుటుంబాల దినచర్య షిఫ్టులతో ముడిపడి ఉంటుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు సి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రించే తండ్రికి బిడ్డ పుస్తకం చూసే తీరిక దొరకదు. అలాంటి తండ్రి మార్కుల కాగితం చూడగానే "ఎన్ని వచ్చాయి?" అని అడగడం సహజం, దానికి బదులు "ఏ లెక్క పోయింది, ఎందుకు పోయింది?" అని అడగడానికి కూడా అంతే సమయం పడుతుంది. మొదటి ప్రశ్న అంకెను దాచే ఆలోచనను పుట్టిస్తుంది. రెండవది పొరపాటును వివరించే అలవాటును నేర్పుతుంది.

మూల్యాంకనం గురించి ఒక హెచ్చరిక

శీలం ఇంత ముఖ్యమైతే దానికి కూడా మార్కులు వేయవచ్చు కదా అని కొందరంటారు. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి 2009లో ప్రవేశపెట్టి 2017లో విరమించిన నిరంతర సమగ్ర మూల్యాంకన విధానంలో వైఖరులకు, విలువలకు శ్రేణులు ఇచ్చే ఏర్పాటు ఉండేది. ఇందులో సిద్ధాంతపరమైన చిక్కు ఒకటి ఉంది. చూసేవారు లేనప్పుడు కనబడవలసిన గుణానికి, చూసి మార్కులు వేయడం మొదలుపెడితే విద్యార్థి ఆ గుణాన్ని ప్రదర్శించడం నేర్చుకుంటాడు. ప్రదర్శన శీలానికి విరుద్ధం. అందుచేత ఉపాధ్యాయుడు విద్యార్థి శీలానికి అంకెలు వేయక, గమనించిన సంఘటనను తేదీతో రెండు వాక్యాలలో నమోదు చేసుకొని, అవసరమైనప్పుడు విద్యార్థితో ఏకాంతంగా మాట్లాడటం మంచిది. కొలవవలసినదేదైనా ఉంటే అది తరగతి పరిస్థితులు.

ముగింపు

ఇంతవరకు చెప్పినదాన్ని క్రోడీకరిస్తే, శీల వికాసానికి ఐదు షరతులు అవసరమని తేలుతుంది: సద్గుణాన్ని ఆచరించే అవకాశం ప్రతి పాఠ్యవిషయంలోనూ ఉండటం, నియమానికి వయసుకు తగిన కారణం చెప్పడం, ఒప్పుకోలుకు భయం అడ్డురాకపోవడం, ప్రశంస వ్యక్తిని గాక పనితీరును ఉద్దేశించడం, ఉపాధ్యాయుడు మాటకు కట్టుబడటం. వీటిలో ఒక్కటి కూడా అదనపు నిధులనో కొత్త పాఠ్యపుస్తకాన్నో కోరదు. అన్నీ ఉపాధ్యాయుని అధీనంలో ఉన్నవే.

విద్యార్థి పుట్టుకతో తెచ్చుకొన్న స్వభావంపై మనకు అధికారం లేదు; ఇంటి పరిస్థితులపై కొద్దిపాటిదే. మార్కుల పద్ధతిపై, దిద్దే తీరుపై, అడిగే ప్రశ్నపై మాత్రం రోజూ అధికారం మనదే. కాబట్టి ప్రతి ఉపాధ్యాయుడూ వారం చివర తన తరగతిని గురించి ఒక ప్రశ్న వేసుకోవడం యుక్తం: ఈ వారం నా తరగతిలో నిజం చెప్పినందువల్ల ఏ విద్యార్థి అయినా నష్టపోయాడా? అవునన్న జవాబు వస్తే, లోపాన్ని ముందుగా విద్యార్థిలో కాక తరగతి ఏర్పాటులో వెదకి, సోమవారానికి సరిచేయాలి. లేదన్న జవాబు వారం వారం వస్తున్న తరగతిలో సత్యనిష్ఠ అలవాటుగా మొదలై శీలంగా స్థిరపడుతుందని ఆశించడానికి శాస్త్రీయమైన ఆధారం మనకు ఉంది.